పిట్టలు చూడాలంటే తెల్లారుజామున లేవడం కాదు, సముద్రపు పాటు ఎప్పుడో చూసుకోండి

అందరికీ నమస్కారం. దసరా సెలవులు మొదలయ్యాయంటే చాలు, నాకు ఒకే రకం మెసేజ్‌లు వస్తాయి: "అన్నా, బరంపురం నుంచి నాలుగింటికే లేచి గోపాల్‌పూర్ పోయాం, నీళ్లు తప్ప ఒక్క పిట్ట లేదు." ఈ తెల్లారుజాము పిచ్చి ఎవరు అంటించారో గానీ! అడవి పిట్టలకైతే నిజమే, పొద్దున్నే హడావిడి చేస్తాయి. ఉప్పు పర్రలో, అంటే సముద్రపు నీళ్లు ఎక్కిదిగే బురద నేలలో, వాలే వలస పిట్టలు మాత్రం పొద్దు చూసి మేయవు, సముద్రం చూసి మేస్తాయి. పాటు వచ్చిందంటే, అంటే నీళ్లు వెనక్కి తగ్గాయంటే, అర్ధరాత్రైనా సరే.

పెళ్లిలో బంతి భోజనాలు తెలుసు కదా, అలా అనుకోండి. నీళ్లు వెనక్కి తగ్గి బురద బయటపడిందా, విస్తళ్లు వేసినట్టు. పోటెక్కి బురద మునిగిందా, విస్తళ్లు ఎత్తేసినట్టు. అప్పుడు చుట్టాలు ఏం చేస్తారు? పందిట్లో కూర్చుని తర్వాతి బంతి కోసం చూస్తారు. మన గంజాం తీరంలో ఆ పందిరి ఉప్పు మడుల గట్లే. పోటు టైంలో పర్ర దగ్గర నిలబడి పిట్టల్లేవంటే ఎలా, హుమ్మా వైపు మడుల గట్ల మీద వరసగా ఒంటికాలి మీద కునుకు తీస్తూ ఉంటాయి.

ఇంకా తమాషా ఏంటంటే, అందరి విస్తరీ ఒకటే గానీ ఎవరి వంటకం వాళ్లదే. కర్ల్యూ అనే పెద్ద పిట్ట ముక్కు చూడండి, కిందికి వంగి, ఆడదానికైతే 15 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, బురద అడుగున ఉన్న పెద్ద పురుగులు దాని వాటా. లిటిల్ స్టింట్ అని పిడికెడు పిట్ట, పాతిక గ్రాముల బరువు, ముక్కు రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు, పైపైన ఉన్నదే ఏరుకుంటుంది. ప్లోవర్‌లది ఇంకో పద్ధతి: నాలుగడుగులు పరుగు, టక్కున ఆగడం, కంటికి కనబడిందాన్ని పొడవడం. గాడ్విట్‌లు ఎక్కువగా కంటితో వెతకవు, వాటి ముక్కు కొసకే స్పర్శ ఉంటుంది, పైగా బురదలో దిగేసిన ముక్కును మొత్తం తెరవకుండా కొస మాత్రం తెరిచి పురుగును పట్టగలవు. ఇంత దగ్గర దగ్గరగా తింటూ కొట్టుకోకపోవడానికి సగం కారణం ఇదే. మన పెళ్లిళ్లలో అంత మర్యాద ఎక్కడుంది లెండి.

[స్క్రీన్ మీద పీత క్లిప్]

ఈ క్లిప్ ఆపి చూడండి. ఫిడ్లర్ పీత, మగది, ఒక డెక్క ఒంటికి మించి పెద్దది. తినేది మాత్రం చిన్న డెక్కతోనే. బురద కొంచెం తీసి నోట్లో పెట్టుకుని, తినదగ్గది జల్లించుకుని, మిగిలింది ఉండ చేసి పక్కన పడేస్తుంది. బొరియ చుట్టూ ఆవగింజల కంటే కాస్త పెద్ద ఉండలు కనిపిస్తే బంతి నడుస్తోందని అర్థం. వింబ్రెల్ అనే పిట్ట ఎక్కువగా ఈ పీతల కోసమే తిరుగుతుంది. కర్ల్యూకీ దీనికీ తేడా తెలియకపోతే తల చూడండి, నడినెత్తిన లేత చార, పక్కన రెండు ముదురు చారలు ఉంటే వింబ్రెల్.

మరి పాటు ఎప్పుడో ఎలా తెలుస్తుంది? రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు, ఆ టైం రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అంటే పోయిన ఆదివారం కుదిరిన టైం ఈ ఆదివారం కుదరదు. అమావాస్య, పున్నమి వెళ్లిన ఒకటి రెండు రోజుల్లో నీళ్లు బాగా లాగుతాయి, విస్తళ్లు ఎక్కువ పడతాయి. అష్టమి దాటాక అంత లాగదు. పంచాంగం ఇంట్లో ఉంది కదా, తిథి చూసుకోండి, గంటల లెక్క హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ సూచనల్లో దొరుకుతుంది. పర్ర లోపలికి పాటు కాస్త ఆలస్యంగా అందుతుంది, అది కలుపుకోండి. ఋషికుల్య నది వరదతో వస్తుంటే ఈ లెక్కలన్నీ తప్పుతాయి, అప్పుడు నేరుగా మడులకే వెళ్లండి.

"చిలికా సరస్సులో కూడా ఇలాగేనా?" అని అడుగుతారు. కాదు. రంభ వైపు ఆటుపోట్లు పెద్దగా తెలియవు. నలబణ దీవి వానాకాలం మునిగి, నీళ్లు తగ్గాక తేలుతుంది, అక్కడ బంతి నెలల మీద నడుస్తుంది.

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. గట్ల మీద కునుకు తీస్తున్న పిట్టల్ని ఫొటో కోసం లేపకండి, డ్రోన్ అసలు వద్దు. 2022లో ఒక బార్ టెయిల్డ్ గాడ్విట్ అలాస్కా నుంచి టాస్మానియా దాకా 11 రోజులు ఎక్కడా ఆగకుండా 13,560 కిలోమీటర్లు ఎగిరింది. అలాంటి ప్రయాణాల ముందు ఇవి కడుపూ పేగులూ కుదించుకుని మరీ బయల్దేరతాయి. ఊరికే లేచి చుట్టూ తిరిగిన ప్రతిసారీ కష్టపడి పోగేసుకున్న కొవ్వు ఖర్చవుతుంది. బైనాక్యులర్ 8 ఇంటూ 42 చాలు. కుక్కల్ని ఇంట్లో ఉంచండి. మోకాలు దాటి బురదలో దిగొద్దు, నీళ్లు తిరిగొచ్చేటప్పుడు మనవాళ్లు కంగారు పడతారు. తుపాను హెచ్చరిక ఉంటే బయల్దేరొద్దు, 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న, 2018లో తిత్లీ పలాస దగ్గర అక్టోబరు 11న, సరిగ్గా మనం చూడబోయే నెల. కామెంట్లలో మీ ఊరు, వెళ్లే తేదీ రాయండి, పాటు టైం చూసి చెబుతా.