పచ్చ బటన్ నొక్కిందెవరు? (41వ ఎపిసోడ్)

కిరణ్: నమస్కారం. 41వ ఎపిసోడ్. నేను కిరణ్. ఎదురుగా మా వదిన.

రాధ: పేరు చెప్పొచ్చు. ముద్దాయిని కాదుగా.

కిరణ్: ఈసారి మీరే ముద్దాయి. మా రాధ వదిన. ఇవాళ్టి విషయం, ఇంట్లో కంప్యూటర్‌కి పట్టుకున్న యాడ్‌వేర్‌ని, అంటే అడక్కుండా ప్రకటనలు చూపించే ప్రోగ్రాంని, వదిలించుకోవడం. 5 మెట్లలో. పోయినసారిలా స్టెబిలైజర్ మీదకి వెళ్లం.

రాధ: స్టెబిలైజర్ తప్పేం లేదని అందరూ ఒప్పుకున్నారు.

కిరణ్: ఎవరూ ఒప్పుకోలేదు. సరే, జరిగింది చెప్పండి.

రాధ: ఆదివారం పొద్దున్నే పెళ్లికూతురి తండ్రి శుభలేఖ ప్రూఫ్ చూసుకోవడానికి వచ్చాడు. పక్కన కుర్చీ వేశాను. కళ్లజోడు పెట్టుకుని, స్క్రీన్ మీద వేలు ఆనించి ఒక్కో అక్షరం చదువుతున్నాడు. సరిగ్గా "చి.ల.సౌ." దగ్గరికి వచ్చేసరికి కింద కుడి మూల నుంచి టింగుమని పేకముక్కలు లేచాయి. రమ్మీ ఆడండి, 10,000 గెలవండి! దాన్ని మూస్తే ఇంకోటి. మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లున్నాయి అని. ఆయన కళ్లజోడు తీసి, "ఏమ్మా, ఇది కూడా కార్డులో వస్తుందా?" అన్నాడు.

కిరణ్: [నవ్వు] పేకముక్కలు కార్డులోకి కాకపోతే ఇంకెందులోకి వస్తాయి?

రాధ: నవ్వకు. ఇంకా అడ్వాన్స్ ఇవ్వలేదు ఆయన.

కిరణ్: మెట్టు ఒకటి. అలా మూలన లేచేవి చాలాసార్లు అసలు వైరస్సే కాదు. ఏదో సైట్ "మీరు రోబో కాదని తెలియాలంటే అలవ్ నొక్కండి" అంటుంది, మనం నొక్కేస్తాం. నోటిఫికేషన్లు పంపుకోమని దానికి మనం రాసిచ్చినట్టే. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి, అక్కణ్నుంచి సైట్ సెట్టింగ్స్‌లోకి, అందులో నోటిఫికేషన్స్‌లోకి వెళ్లాలి. అక్కడ అలవ్ కింద ముక్కూ మొహం తెలియని సైట్లన్నీ పీకేయండి. వదినకి 14 దొరికాయి.

రాధ: 13. ఒకటి పంచాంగం.

కిరణ్: ఆ పంచాంగమే రోజుకి ఆరుసార్లు వర్జ్యం చెబుతోంది. సరే, రమ్మీ పోయింది. మర్నాడు బ్రౌజర్ తెరిస్తే గూగుల్ బదులు ఎవరిదో సెర్చ్ పేజీ. అంటే లోపల ఏదో కూర్చుంది. వదినా, పచ్చ బటన్ నొక్కిందెవరు?

రాధ: చింటూ.

కిరణ్: వదినా.

రాధ: నేనే. ఎందుకు నొక్కానో కూడా చెప్పనీ. ఇప్పుడు మేటర్ ఎవరూ కాగితం మీద రాసివ్వట్లేదు, వాట్సాప్‌లో పడేస్తున్నారు. అది యూనికోడ్, ఫోన్లలో, నెట్‌లో నడిచే అక్షరాల పద్ధతి. నేను పేజీలు కట్టే పేజ్‌మేకర్‌లో అతికిస్తే అన్నీ ప్రశ్నార్థకాలే. దాన్ని నా పాత అను ఫాంట్లలోకి మార్చేది దొరుకుతుందేమోనని వెతికితే ఒక సైట్‌లో డౌన్‌లోడ్ అని నా అరచెయ్యంత పచ్చ బటన్ కనబడింది.

కిరణ్: అది ప్రకటన. అసలు లింకు దాని కింద బూడిద రంగులో చీమ తలకాయంత ఉంది.

రాధ: నువ్వు చూపించాక ఉంది.

కిరణ్: ఆ తర్వాత నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్. మధ్యలో కస్టమ్ అని ఒకటుంటుంది. అది నొక్కితే ముందే టిక్కులు పెట్టేసిన గడులు బయటపడతాయి. ఫ్రీ ప్రోగ్రాంతో పాటు ఇంకోటి మన నెత్తిన ఎక్కిస్తే వాళ్లకి ఒక్కో ఇన్‌స్టాల్‌కి ఇంతని ముడుతుంది. ఇదేం కొత్త కాదు, ఒకప్పుడు జావా ఎక్కిస్తే ఆస్క్ టూల్‌బార్ వెంట వచ్చేది. అందుకే మొత్తుకుంటున్నా, యూనికోడ్‌లోనే పనిచేస్తే ఈ మార్చే ప్రోగ్రాముల గొడవే ఉండదు.

రాధ: వచ్చింది. ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా.

కిరణ్: తెలుగు యూనికోడ్‌లోకి వచ్చింది 1991లో వదినా. విండోస్ ఎక్స్‌పీలోనే గౌతమి ఫాంట్ ఇచ్చారు.

రాధ: గౌతమితో శుభలేఖ వేస్తే పెళ్లి ఆగిపోతుంది.

కిరణ్: మరి మండలి, రామభద్ర, సూరవరం? అన్నీ ఉచితమే.

రాధ: బాగున్నాయి, కాదన్లేదు. పేజ్‌మేకర్ 7లో తెరిచి చూపించు. 2001 నాటిది, దానికి యూనికోడ్ అంటే ఏంటో తెలియదు. ఇన్‌డిజైన్‌కి మారమంటావు, నెలనెలా దాని అద్దె నువ్వు కడతావా?

కిరణ్: ... మెట్టు రెండు. నన్నడిగితే రెండో మెట్టే ఆఖరిది. ఫార్మాట్ కొట్టేద్దాం, అంటే డిస్క్ తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కించడం. గంటన్నర పని.

రాధ: ఎత్తావా మళ్లీ! ఎలకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటారా?

కిరణ్: ఎలకలు ఎన్ని కన్నాలు పెట్టాయో మనకి తెలియదు కదా. 2015లో లెనోవో గొడవ గుర్తుందా, సూపర్‌ఫిష్? కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో యాడ్‌వేర్ ఎక్కించే అమ్మారు. సైట్ అసలుదేనని బ్రౌజర్‌ని నమ్మించే సొంత సర్టిఫికెట్ ఒకటి పెట్టుకుని, తాళం బొమ్మ ఉన్న పేజీల్లోకి కూడా దూరేది. ప్రోగ్రాం తీసేసినా సర్టిఫికెట్ మాత్రం అక్కడే ఉండేది. పైగా అన్ని మెషీన్లకీ తాళంచెవి ఒకటే. దాని పాస్‌వర్డ్ ఏంటనుకున్నారు? ఆ సర్టిఫికెట్ పనితనం అందించిన కంపెనీ పేరే, కొమోడియా.

రాధ: ఇంటికి తాళం వేసి, తాళంచెవి గుమ్మానికే తగిలించినట్టుంది.

కిరణ్: అందుకే మొత్తం తుడిచేయడం నయం.

రాధ: సరే, ఆ ల్యాప్‌టాప్‌ని కంపెనీ ఇచ్చిన రికవరీ కాపీతోనే ఫార్మాట్ చేస్తే?

కిరణ్: ... అదీ వెనక్కి వస్తుంది. కానీ విడిగా విండోస్ ఎక్కిస్తే రాదు!

రాధ: మీ అత్తగారింట్లో విడిగానే ఎక్కించావుగా. బంగారంలా ఉందన్నావు. ఆవిడ గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అవగానే ఏమైంది?

కిరణ్: అకౌంట్‌లో ఉన్నవన్నీ తెచ్చిపెట్టే సింక్‌లో ఆ పాడు ఎక్స్‌టెన్షన్, అదే బ్రౌజర్‌కి అతుక్కునే చిన్న ప్రోగ్రాం, మళ్లీ దిగింది.

రాధ: ఎంతసేపట్లో?

కిరణ్: కాఫీ చల్లారేలోపు. అయినా అది నా తప్పు, ఫార్మాట్ తప్పు కాదు. ముందు ఆవిడ అకౌంట్‌లోనే దాన్ని తీసేయాల్సింది.

రాధ: ఫార్మాట్ తప్పు ఎప్పుడూ ఉండదు నీకు. 2012లో కూడా గంటన్నర పనే అన్నావు.

కిరణ్: వదినా, అది వద్దు.

రాధ: సీ డ్రైవ్ ఒక్కటే తుడుస్తా, డీ జోలికి పోనన్నావు.

కిరణ్: రెండు పార్టిషన్లూ ఒకే సైజు. ఏది ఏదో చూసుకోలేదు.

రాధ: మామయ్యగారు మధ్యాహ్నం పూట పడక్కుర్చీలో కూర్చుని చెబుతుంటే నేను టైపు చేసుకున్నవి. తెనాలి కాలవగట్టు, వాళ్ల బడి, మేష్టారు... 60 పేజీలు. ప్రింటు తీసిన 9 మిగిలాయి.

కిరణ్: నాన్న నన్నేమీ అనలేదు.

రాధ: అనలేదు. "మళ్లీ చెబుతాలేమ్మా" అన్నారు.

[కాసేపు మౌనం]

కిరణ్: ఆ 9 పేజీలూ మొన్న కూర్చుని టైపు చేశా. యూనికోడ్‌లో.

రాధ: నాకు చెప్పలేదే? ... ఏ ఫాంటు?

కిరణ్: గౌతమి.

రాధ: [నవ్వు] పంపించు. నేను సరిగ్గా పేజీ కడతాను. ముందు ఆ మెట్లు ఎక్కు, జనం కిందే నిలబడ్డారు.

కిరణ్: త్వరగా చెప్పేస్తా. ఏం చేసినా సరే, ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ.

రాధ: కాపీ అయ్యాయో లేదో తెరిచి కూడా చూసుకోండి.

కిరణ్: ... చూసుకోండి. తర్వాత సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి, ఇన్‌స్టాల్ చేసిన తేదీ వరసలో పెట్టండి. పచ్చ బటన్ రోజున దిగినవాటిలో మనవి కానివి తీసేయండి. అప్పుడు యాడ్‌వేర్‌ని వెతికి తీసేసే ఏడీడబ్ల్యూ క్లీనర్ నడపండి. ఉచితం, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. 2016లో మాల్‌వేర్‌బైట్స్ వాళ్లు దాన్ని కొనుక్కున్నారు కాబట్టి వాళ్ల సైట్ నుంచే దించుకోండి. మాకు అది చాలానే పట్టింది. కానీ రీస్టార్ట్ చేస్తే ఆ సెర్చ్ పేజీ మళ్లీ ప్రత్యక్షం.

రాధ: అది పట్టింది నేను.

కిరణ్: ఒప్పుకుంటున్నా. డెస్క్‌టాప్ మీద క్రోమ్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిచాను. టార్గెట్ అని ఒక గడి ఉంటుంది. మామూలు షార్ట్‌కట్‌లో క్రోమ్ డాట్ ఈఎక్స్ఈ, కొటేషన్ మార్కుతో అయిపోవాలి. నేను చూసి బాగానే ఉందన్నా.

రాధ: గడి చిన్నది, మాట పెద్దది. చివరిదాకా జరిపితే కదా కనబడేది. కొటేషన్ మార్కు తర్వాత ఒక ఖాళీ, ఆ ఖాళీ తర్వాత వాళ్ల సైట్ అడ్రస్. ఎన్నేళ్లు ప్రూఫులు దిద్దాను, ఆ మాత్రం కనబడదా?

కిరణ్: దాన్ని చెరిపేశాం, సాయంత్రానికి మళ్లీ అతుక్కుంది. ఎందుకంటే విండోస్‌లో పనుల్ని వాటంతటవే నడిపించే టాస్క్ షెడ్యూలర్‌లో ఒక పని పెట్టి ఉంది. లాగిన్ అయిన ప్రతిసారీ నడిచేలా. పేరేమో ఏదో అప్‌డేట్ అని పెద్దమనిషిలా. ముందు అది తీసి, తర్వాత షార్ట్‌కట్ దిద్దితే నిలబడింది. చివరికి ఒక్క ఎక్స్‌టెన్షన్ మిగిలింది, దానికి తీసేసే బటనే లేదు. మెనూ అడుగున "మీ బ్రౌజర్‌ని మీ సంస్థ మేనేజ్ చేస్తోంది" అని రాసుంది.

రాధ: నా సంస్థలో ఉన్నది నేనూ, మా కుట్టుమిషనూ. ఏ సంస్థ?

కిరణ్: ఆఫీసుల కోసం పెట్టిన ఏర్పాటు అది. విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో పాలసీస్ కింద క్రోమ్ పేరుతో రాసేస్తే ఎక్స్‌టెన్షన్ కదలదు. అక్కడ రాసింది తీసేశాక అది కూడా పోయింది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం ఈ పని చేయకండి, అక్కడ నిజంగానే సంస్థ ఉంటుంది.

రాధ: ఇది ఎన్నో మెట్టు?

కిరణ్: నాలుగో, ఆరో. ఆఖరిది రౌటర్. కంప్యూటర్ శుభ్రంగా ఉండి, ఫోన్‌లో కూడా అవే ప్రకటనలు వస్తుంటే, రౌటర్‌లో డీఎన్ఎస్, అంటే సైట్ పేరుకి అడ్రస్ చూపించే ఏర్పాటు, ఎవరైనా మార్చారేమో చూ—

[కాలింగ్ బెల్]

రాధ: వచ్చాడు. పెళ్లికూతురి తండ్రి. ముహూర్తం మారిందట, మేటర్ మళ్లీ పంపాడు.

కిరణ్: వాట్సాప్‌లోనా? యూనికోడ్‌లో?

రాధ: కిరణ్, మైకు ఆపు.