అసలు పోయి వడ్డీ మిగిలినప్పుడు

(చెన్నైలో తెలుగు మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినావిడ "ఇరవై నిమిషాలు, కాస్త ఇన్‌స్పైరింగ్‌గా మాట్లాడండి" అన్నారు. ఇరవై నిమిషాలు మాట్లాడగలను. రెండోది నా చేతిలో లేదు. ముప్ఫై ఏళ్లకు పైగా బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్నదాన్ని. నాకు తెలిసినవి ఫారాలు, సంతకాలు, వేలిముద్రలు.

బ్యాంకు ఉద్యోగం కదా, మా ఇంట్లో ఎవరికి మనవడు పుట్టినా నాతో ఒకే సామెత అనేవాళ్లు: అసలు కంటే వడ్డీ ముద్దు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగంమందికి వడ్డీ అమెరికాలో ఉంది. రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్‌లో కనబడుతుంది. నాకూ అంతే. నేనివాళ చెప్పేది అసలు మునిగిపోయి వడ్డీ ఒక్కటే చేతిలో మిగిలినవాళ్ల గురించి. కూతురో కొడుకో పోయాక, అరవై ఏళ్ల వయసులో మళ్లీ స్కూలు సంచీ మోసిన అమ్మమ్మల గురించి, నానమ్మల గురించి.

2009లో మా బ్రాంచి ఉత్తర చెన్నైలో ఉండేది. ఒకావిడ ఎనిమిదేళ్ల పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. సూళ్లూరుపేట అవతల ఏదో పల్లె, యాస వినగానే తెలిసిపోయింది. కొరుక్కుపేటలో ఉంటూ నాలుగిళ్లలో పని చేసుకుంటోంది. స్కాలర్‌షిప్ కోసం పిల్ల పేరు మీద ఖాతా కావాలన్నారట స్కూలువాళ్లు. "తండ్రి సంతకం కావాలమ్మా" అన్నాను. "ఊళ్లో ఉండాడు" అంది. "తల్లి?" అంటే "ఆమె కూడా" అంది.

రెండోసారి వచ్చినప్పుడు గొంతు తగ్గించి నిజం చెప్పింది, ఇద్దరూ లేరని. చట్టం ప్రకారం మైనరుకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి. ఆ వరుసలో అమ్మమ్మ లేదు. కోర్టు నుంచి గార్డియన్ ఆర్డరు తెమ్మన్నాను. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం గురించి, లైన్లో పదిమంది వింటుండగా, ఇళ్లలో పని చేసుకునే మనిషికి చిన్న లెక్చరు కూడా ఇచ్చాను. నేను చెప్పింది రూలు ప్రకారం తప్పు కాదు. ఇప్పటికీ నాకు గుచ్చుకునేది అదే.

మూడోసారి ఇంకొకావిడను తోడు తెచ్చుకుంది. తమిళావిడ, విల్లుపురం వైపు మనిషి. కౌంటర్ మీద అరచెయ్యి పెట్టి నన్నే చూస్తూ, "అంద అమ్మా ఎత్తన తడవ నడప్పాంగ?" అంది. ఆవిడ ఎన్ని తడవలు తిరగాలి అని. తడవ అన్న మాట వాళ్లకూ ఉంది, మనకూ ఉంది, నెల్లూరువాళ్లకైతే నేను చెప్పక్కర్లేదు. నేను లేచి మేనేజరు గదిలోకి వెళ్లాను. హెడ్డాఫీసుకు రాసి, హెడ్మాస్టరు ఉత్తరం జతచేసి, ఎలాగో ఖాతా తెరిచాం. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా నడుపుకోవచ్చని 2014లో రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆ సర్క్యులర్ చదివిన రోజు నాకు ఆ పిల్లే గుర్తొచ్చింది.

వీళ్లిద్దరికీ స్నేహం ఎక్కడ కలిసిందో తర్వాత తెలిసింది. తాంబరం శానిటోరియం. మనం లోకల్ ట్రైన్లో ఆ స్టేషన్ పేరు చూస్తూ వెళ్లిపోతాం. 1928లో క్షయ రోగుల కోసం కట్టిన ఆసుపత్రి అది. మన దేశంలో హెచ్ఐవీ మొదట బయటపడింది కూడా ఈ చెన్నైలోనే, 1986లో, డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని చేసిన పరీక్షల్లో. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, మొదటి విడత ఆసుపత్రుల్లో తాంబరం ఒకటి. మన నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి ఎంతోమంది అక్కడికి వచ్చేవాళ్లు. మందుల కోసం కొంత, ఊళ్లో నలుగురికీ తెలియకూడదని కొంత.

నెల్లూరమ్మ (ఆవిణ్ణి నేను అలాగే పిలుస్తాను) కూతుర్ని 2005లో తీసుకొచ్చింది. లారీ డ్రైవరు అల్లుడు ఏడాది ముందే పోయాడు. మందులున్నాయి కానీ వీళ్లు రావడమే ఆలస్యమైంది. విల్లుపురం ఆవిడది కొడుకు. వరండాలో ఇద్దరు ముసలివాళ్లు, ఇద్దరు పిల్లలు. ఒకరి భాష ఒకరికి రాదు. "తిన్నావా" అని ఒకరు, "సాప్టియా" అని ఒకరు. ఒకరు మందుల లైన్లో నిలబడితే ఇంకొకరు ఇద్దరు పిల్లల్నీ కాపలా కాసేవాళ్లు. మూడు వారాల తేడాలో ఇద్దరికీ కడుపుకోత.

ఇద్దరూ మళ్లీ ఊరి మొహం చూడలేదు. ఒకరు కొరుక్కుపేటలో, ఒకరు పల్లావరంలో. చెన్నైకి ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు. నెలకో ఆదివారం కలవడానికి కూడా బస్సు చార్జీ చూసుకోవాల్సి వచ్చేది. 2021 మేలో మామూలు టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ తీసేశాక వారం వారం కలుస్తున్నారు. ఉచిత బస్సు దండగని మన ఇళ్లలో మగవాళ్లు చాలా మాట్లాడారు. వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు, ఈ ఇద్దరిని చూపిస్తే చాలు.

ఒకసారి నెల్లూరమ్మను అడిగాను, భాష రాని మనిషితో అంత స్నేహం ఎలా కుదిరిందని. ఆవిడ చెప్పింది ఉన్నదున్నట్టు చెబుతాను. "అమ్మా, ఇన్నేళ్లలో అందరూ పిల్ల గురించే అడిగినారు. పిల్ల ఏం చదవతా ఉంది, పిల్లకేం జబ్బు లేదు గదా, పిల్ల పెళ్లెట్టా జేస్తావు. నా కూతురు పేరేందని అడిగింది ఆమొక్కతే."

ఆ కూతురి పేరు నాకు తెలుసు. తల్లి పేరు అన్న గడిలో, ముందు 'లేట్' అని పెట్టి, నా చేత్తోనే ఎన్నో ఫారాల్లో రాశాను. పైకి ఒక్కసారి కూడా పలకలేదు.

2006 ఆగస్టులో, టొరంటోలో అంతర్జాతీయ ఎయిడ్స్ మహాసభకు ముందు, స్టీఫెన్ లూయిస్ ఫౌండేషన్ అనే కెనడా సేవాసంస్థ ఒక సభ పెట్టింది. ఆఫ్రికా నుంచి వందమంది, కెనడా నుంచి రెండొందలమంది, అందరూ బామ్మలే. పిల్లల్ని ఎయిడ్స్‌కు పోగొట్టుకుని మనవల్ని సాకుతున్నవాళ్లు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు. పిల్లల్ని కాటికి పంపడానికి పెంచం అని వాళ్లన్నారు. వాళ్లకు విశ్రాంతి దొరికేదాకా మేమూ విశ్రమించమని కెనడావాళ్లు మాటిచ్చారు. డబ్బు పోగుచేశారు, ఇప్పటికీ చేస్తున్నారు. కానీ నాకు నచ్చింది పక్కపక్కన కూర్చోబెట్టడం. మన సంఘాలు ఏం చేస్తాయో మీకు తెలుసు. చీర చేతిలో పెట్టి ఫొటో తీస్తాం. ఒకసారి నెల్లూరమ్మ ఫొటోలో మొహం తిప్పేసుకుంటే, "కాస్త నవ్వమ్మా" అన్నది ఎవరో కాదు, నేనే.

అదే 2006లో జింబాబ్వేలో డిక్సన్ చిబాందా అనే మానసిక వైద్యుడు పద్నాలుగుమంది బామ్మలకు శిక్షణ ఇచ్చి, దిగులుతో వచ్చినవాళ్ల పక్కన చెక్క బల్ల మీద కూర్చోబెట్టాడు. వాళ్ల షోనా భాషలో ఆ జబ్బును కుఫుంగిసిస అంటారట, అతిగా ఆలోచించడం అని. మనం మనాది అంటాం. ఆ బల్ల పని చేస్తోందని 2016లో అమెరికా వైద్య పత్రికలో అచ్చయింది కూడా.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, త్వరగా చెప్పేస్తాను. తమిళనాట వృద్ధాప్య పింఛను 2023లో నెలకు 1,200 రూపాయలు చేశారు. అనాథ పిల్లలకు మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద నెలకు 4,000 రావచ్చు, పట్నంలో కుటుంబానికి ఏడాది ఆదాయం 96,000 దాటకూడదు. పిల్లల విషయంలో ఏ సాయానికైనా 1098కి ఫోన్ చేయండి. మీ ఇంట్లో పని చేసే మనిషి పాప ఎవరి దగ్గర పెరుగుతోందో మీకు తెలిసే ఉంటుంది. ఫారాలు తెచ్చాను, తలుపు దగ్గర టేబుల్ మీద ఉన్నాయి. నింపడం రాకపోతే నన్నడగండి.

ఇంకొక్క సంగతి. 2021 కోవిడ్ రెండో వేవ్‌లో మా పాత బ్రాంచి దగ్గర ఉర్దూ మాట్లాడే ఒకావిడకు పది రోజుల తేడాలో కూతురు, అల్లుడు పోయారు. మిగిలింది ఐదేళ్ల మనవడు. తల్లిదండ్రులిద్దరినీ కోవిడ్‌కు పోగొట్టుకున్న పిల్లల పేర రాష్ట్ర ప్రభుత్వం ఐదు లక్షలు డిపాజిట్ చేస్తామంది. ఆ కాగితాలు నేను చూసుకున్నాను. ఈసారి ఎవరినీ తిప్పలేదు. కానీ ఆవిడ మాట్లాడడం మానేసింది. అవునంటే తల ఊపేది, అంతే.

నాకేం తోచక నెల్లూరమ్మకు చెప్పాను. మర్నాడు ఇద్దరూ వచ్చారు. ఆ ఉర్దూ ఆవిడ ఒక కొట్టుకు సాంబారు ఉల్లిపాయలు వలిచిచ్చేది. వీళ్లూ గంప పక్కన కూర్చుని వలవడం మొదలుపెట్టారు. మూడు రోజులు వలిచారు. ఒక్క మాట లేదు. నేను మధ్యలో వెళ్లి టీ ఇచ్చి వచ్చేదాన్ని. నాలుగో రోజు విల్లుపురం ఆవిడ చేతిలో ఉల్లిపాయ పక్కన పెట్టి, తమిళంలోనే, "ఉన్ పొణ్ణు పేరు ఎన్న?" అంది. నీ కూతురి పేరేంటి అని.

చాలాసేపటికి ఆవిడ పేరు చెప్పింది. ఆ తర్వాత ఆపలేదు. ఉర్దూలో సాయంత్రం దాకా చెబుతూనే ఉంది, వీళ్లకెంత అర్థమైందో నాకు తెలియదు. ఉల్లిపాయల గంప అలాగే ఉండిపోయింది. కొట్టువాడొచ్చి కోప్పడి, మర్నాడు కూలి కోసుకున్నాడట.