జాడింపులో ఉంది కిటుకు: చేతితొట్టితో రికార్డులు కడగడం

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద రెండు తొట్లు ఉన్నాయి. రెండూ ఒకటే నమూనా, అమెరికావాళ్ల స్పిన్ క్లీన్. మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు. ఇరుకైన ప్లాస్టిక్ తొట్టి, గ్రామఫోను రికార్డుని నిలబెట్టి తిప్పడానికి ఒక జత రోలర్లు, దానికి అటూ ఇటూ రాసుకునే ఒక జత బ్రష్షులు, అంతే. జర్మనీవాళ్ల క్నోస్టి కూడా ఈ జాతిదే. అందులో లేబుల్‌ని రెండు బిళ్లల మధ్య బిగించి ఇరుసు పట్టుకుని తిప్పుతారు. కొన్నప్పుడు డబ్బాలో వచ్చేది ఒక్క తొట్టే. పక్కన రెండోది ఎందుకు పెట్టానో చెబితే ఈ విద్యలో ముప్పాతిక భాగం చెప్పినట్టే.

బట్టలు సబ్బు పెట్టి రుద్దాక జాడించకుండా దండెం మీద ఎవరూ ఆరేయరు. రికార్డుల దగ్గర మాత్రం చాలామంది చేస్తున్నది అదే. సబ్బునీళ్లలో తిప్పుతారు, గుడ్డతో తుడుస్తారు, కవర్లో పెట్టేస్తారు. ఖరీదైన యంత్రాల్లో, పాట ఉండే సన్నటి గాడిలోని మురికినీటిని గాలితో లాగేసే పంపు ఉంటుంది. మన తొట్టికి ఆ పంపు లేదు. ఎల్పీ అంటే 12 అంగుళాల పెద్ద రికార్డు. దాని మీద గాడి వెడల్పు సుమారు 50 మైక్రాన్లు, తలవెంట్రుక కంటే సన్నం. గుడ్డ పైపైన అద్దుతుంది గానీ గాడి అడుగుకి దిగదు. అక్కడ నిలిచిన నీరు ఆరితే, అప్పటిదాకా వదులుగా ఉన్న దుమ్ము సబ్బుతో కలిసి అట్టకట్టుకుపోతుంది. కడిగాక చిటపటలు పెరిగాయని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ వాటికి కారణం ఇదే. రెండో తొట్టి జాడించడానికి. అందులో సబ్బుచుక్క పడకూడదు, దాని బ్రష్షులు మొదటి తొట్టిలోకి పోకూడదు. మరిచిపోకుండా ఒకదానికి రంగు టేపు అంటించండి.

ఇక నీళ్లు. మన ఊళ్లలో బోరు నీళ్ల సంగతి తెలిసిందే. పప్పు ఉడకని నీళ్లు, గిన్నె ఆరితే తెల్లచార మిగిల్చే నీళ్లు. ఒక లెక్క చూడండి. టీడీఎస్ 600 ఉన్న నీళ్లు, అంటే లీటరులో 600 మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నవి, తుడిచాక కూడా రికార్డు మీద 2 మిల్లీలీటర్లు మిగిలాయనుకుందాం. అవి ఆరితే 1.2 మిల్లీగ్రాముల లవణం గాడుల్లోనే ఉండిపోతుంది. సూదిమొన వ్యాసార్ధం 15 నుంచి 18 మైక్రాన్లు. ఆ మొన కింద ఈ లవణం రాళ్లగుట్టే. ఇంట్లో ఆర్వో నీళ్లు మేలే గానీ చాలవు, తాగడానికి పనికొచ్చేలా వాటిలో కొంత ఖనిజం ఉంచుతారు. బ్యాటరీ షాపుల్లో, పెట్రోలు బంకుల్లో డబ్బాల్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్ వాడండి. యాసిడ్ డబ్బాలూ అక్కడే ఉంటాయి, లేబుల్ చదివి తీసుకోండి. పెన్నులాంటి టీడీఎస్ మీటరు ముంచి చూస్తే 5 లోపు చూపించాలి. ఎక్కువ చూపిస్తే ఆ డబ్బా బ్యాటరీకే.

కడిగే మందు విషయానికొస్తే, తొట్టితో వచ్చే సీసా ఉంటే మూడు మూతలు బ్రష్షుల మీదుగా పోయండి, చాలు. అది అయిపోయాక సొంతంగా కలుపుకోవచ్చు. 850 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్, 150 మిల్లీలీటర్ల 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఫొటో ఫిల్ములు కడిగేవాళ్లు వాడే వెట్టింగ్ ఏజెంట్ 1 మిల్లీలీటరు. ఈ చివరిది లేకపోతే నీరు వినైల్ మీద, అంటే ఎల్పీ చేసే ప్లాస్టిక్ మీద, ముత్యాల్లా నిలబడుతుంది, గాడిలోకి దిగదు. అలాగని రెండింతలు పోస్తే రెండింతలు శుభ్రం కాదు, జాడించే పని రెండింతలవుతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ వద్దు, అందులోని రంగూ వాసనా గాడిలో మిగులుతాయి. ఆల్కహాల్ మండే సరుకు, కిటికీ తెరిచి, స్టవ్‌కి దూరంగా కలపండి.

ఇప్పుడు చెప్పేది దయచేసి గట్టిగా గుర్తుపెట్టుకోండి. పాత ఇళ్లలో అటక మీద దొరికే, నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేట్లు, పద్యనాటకాల సెట్లు, చాలావరకు షెల్లాక్. షెల్లాక్ అంటే లక్కే. లక్కని స్పిరిట్లో కరిగించి బీరువాలకి పాలిష్ పెట్టడం చూసే ఉంటారు. మీ మిశ్రమంలోని ఆల్కహాల్ ప్లేటుకీ అదే చేస్తుంది, గాడి కరిగిపోతుంది, ఆ గొంతు మళ్లీ రాదు. వాటికి డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల వెట్టింగ్ ఏజెంట్ మాత్రమే. నానబెట్టకుండా రెండు చుట్లు తిప్పి, జాడించి వెంటనే తుడిచేయండి. అంచు విరిగినా పగులు కనిపించినా అసలు తొట్టిలో పెట్టొద్దు. పగుల్లో బ్రష్షు తట్టుకుందంటే ముక్క ఊడుతుంది. అలాంటివి బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి తడిస్పాంజితో చేసుకోవడమే దారి. లేబుల్ మీద 78 అని ఉండి, చేతిలో బరువుగా, గట్టిగా ఉంటే షెల్లాక్ అనే అనుకోండి. అనుమానం ఉంటే ఆల్కహాల్ ముట్టకండి.

ఏ చప్పుడు కడిగితే పోతుందో ముందే తెలుసుకుంటే శ్రమ తగ్గుతుంది. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు, అంటే చుట్టుకి 1.8 సెకన్లు. టిక్కుమనే చప్పుడు సరిగ్గా 1.8 సెకన్లకోసారి వస్తే అది గీత. నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డు, ఈపీ అయితే 1.33 సెకన్లు. గీతని ఏ నీళ్లూ మాన్పలేవు. లెక్క లేకుండా వాన చినుకుల్లా పడే చిటపట మురికి, అది పోతుంది. గాయకుడు పైస్థాయికి వెళ్లినప్పుడల్లా గొంతు బొంగురుపోతే, ముఖ్యంగా లేబుల్ దగ్గరి పాటల్లో, అది అరిగిన సూదులు చేసిన పని. దానికోసం నాలుగుసార్లు కడగకండి.

సరే, తొట్టి దగ్గరికి వద్దాం. ముందు పొడిగా ఉన్నప్పుడే కార్బన్ ఫైబర్ బ్రష్షుతో దుమ్ము తీసేయాలి. ఆ దుమ్ము నీళ్లలో పడితే బురద. రోలర్లని 12 అంగుళాల గాట్లలో పెట్టి, నీళ్లు గీత దాకా పోసి, పాడైపోయిన ఒక ఎల్పీ దింపి మట్టం చూసుకోండి. పాట కేంద్రం నుంచి 6 సెంటీమీటర్ల దగ్గర ముగుస్తుంది, లేబుల్ 5 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుంది. నీటిమట్టం ఈ సెంటీమీటరు సందులో నిలవాలి. ఎక్కువైతే కాగితం ఉబ్బి అచ్చు చెరుగుతుంది, తక్కువైతే చివరి పాట పొడిగా మిగులుతుంది. బ్రష్షులు పూర్తిగా తడిశాకే రికార్డు దింపండి.

రెండు అరచేతులతో అంచు పట్టుకుని, ఒక్కో చుట్టు నాలుగైదు సెకన్లు పట్టేలా తిప్పండి. అటు మూడు, ఇటు మూడు చుట్లు చాలంటారు తయారీదారులు. కొత్త రికార్డుకి అది నిజమే. పాతసామాను కొట్లో కొన్నదానికి అటు పది, ఇటు పది పెట్టుకోండి. రెండు దిక్కులూ ఎందుకంటే బ్రష్షు వెంట్రుక ఒకవైపు వాలినప్పుడు గాడిగోడ వెనకున్న మట్టిని దాటిపోతుంది. పైకెత్తి నీరు జారేదాకా ఆగి, రెండో తొట్టిలో మళ్లీ అటు అయిదు, ఇటు అయిదు. వరసలో శుభ్రమైనవి ముందు, మురికివి చివర. ఒకసారి పోసిన నీళ్లతో 50 దాకా కడగొచ్చంటారు గానీ, పాతవాటికి 15 దాటాక అడుగున చూడండి, బూడిదరంగు పొర కనిపిస్తే పారబోయాల్సిందే. జాడించే నీళ్లు ఇంకా ముందే మార్చాలి, నురగ కనిపించగానే.

ఆరబెట్టడంలో మన వాతావరణానికి సంబంధించిన జాగ్రత్తలున్నాయి. పోగులు రాలని మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంబడి అద్దుతూ తుడిచి, ప్లేట్లు పెట్టుకునే స్టాండులో నిలబెట్టండి. డాబా మీద ఎండలో వద్దు, హెయిర్ డ్రయ్యరూ వద్దు. వేడికి వినైల్ మెత్తబడి వంగితే మళ్లీ సరిచేయలేరు. ఫ్యాను కింద పెడితే గది దుమ్మంతా తడిరికార్డు మీద వాలుతుంది. మామూలు రోజుల్లో అరగంట, వానాకాలంలో, కోస్తా ఊళ్లలో రెండు గంటలు ఆగండి. తడి మిగిలినదాన్ని కవర్లో దూరిస్తే నెల తిరిగేసరికి బూజు పడుతుంది. పాత లోపలి కాగితం కవరు తీసేసి కొత్త యాంటీస్టాటిక్ కవరు వేయండి, లేకపోతే కడిగిన మురికే మళ్లీ ఎక్కుతుంది. బూజు పట్టినవాటిని ముక్కుకి మాస్కు కట్టుకుని, ఆరుబయట తుడిచాకే లోపలికి తీసుకురండి. వాటిని మిగతావాటితో ఒకే నీళ్లలో కడగొద్దు.

పని అయ్యాక బ్రష్షులు విప్పి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నీడన ఆరబెట్టండి. వెంట్రుకల్లో ఇసుకరేణువు మిగిలితే తర్వాతి రికార్డుకి అదే గీత. మొదటిసారి ఒక వైపు మొత్తం వాయించాక భూతద్దంతో సూదిమొన చూడండి. తెల్లటి ముద్ద ఉంటే మురికి కదిలింది గానీ బయటికి పోలేదని అర్థం. అప్పుడు సబ్బుతొట్టితో పనిలేదు. కొత్త నీళ్లు పోసి రెండో తొట్టిలోనే మరోసారి తిప్పండి.