జాయింట్ వెంచర్లను కూల్చేది సంస్కృతి కాదు, ఎండీ కుర్చీ!

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ప్రేక్షకులందరికీ నమస్కారం. గీసుకొండ దగ్గరి కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు కొరియా సంస్థ యంగ్‌వన్ వచ్చినప్పటి నుంచి, విదేశీ కంపెనీతో పొత్తు అనే మాట ఎత్తితే చాలు, “వాళ్ల పద్ధతులు వేరు, మన పద్ధతులు వేరు, పొసగదు” అనే వాదన మన దగ్గర వినిపిస్తూనే ఉంది. ఈ వాదనను నేను పూర్తిగా తిరస్కరిస్తున్నాను. జాయింట్ వెంచర్లను, అంటే ఇద్దరు భాగస్వాములు కలిసి పెట్టుకునే కంపెనీలను, కూల్చేది సంస్కృతి కాదు, పెత్తనం!

మారుతినే తీసుకోండి. 1982లో భారత ప్రభుత్వం సుజుకీకి 26 శాతం వాటా ఇచ్చి భాగస్వామిగా చేర్చుకుంది. గుర్గావ్ కర్మాగారంలో మేనేజింగ్ డైరెక్టర్ (ఎండీ) మొదలుకొని కార్మికుడి దాకా అందరికీ ఒకే యూనిఫాం, ఒకే క్యాంటీన్ అన్నారు. సాహెబుకు వేరే గది, గుమ్మం దగ్గర బంట్రోతు ఉండి తీరాలనుకునే మన సర్కారీ అలవాట్లకు ఇంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? అయినా కంపెనీ నిలిచింది, 1983 డిసెంబరులో కారు రోడ్డెక్కింది. మరి గొడవ ఎప్పుడు మొదలైంది? 1992లో సుజుకీ వాటా 50 శాతానికి చేరి, ఏ పక్షానిదీ పైచేయి కాని పరిస్థితి ఏర్పడిన తర్వాత, 1997లో ప్రభుత్వం ఆర్.ఎస్.ఎస్.ఎల్.ఎన్. భాస్కరుడిని ఎండీగా నియమించినప్పుడు మొదలైంది. ఆ నియామకాన్ని వ్యతిరేకిస్తూ సుజుకీ అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లింది, 1998లో రాజీ కుదిరింది. 2002లో మెజారిటీ సుజుకీ చేతికి వచ్చింది; కుర్చీ తగాదా అక్కడితో తీరిపోయింది.

2012లో మారుతికే చెందిన మానేసర్ కర్మాగారంలో జరిగిన హింసను చూపించి నన్ను నిలదీసేవారు ఉంటారు. అది యాజమాన్యానికీ కార్మికులకూ మధ్య నడిచిన ఘర్షణ. భారత ప్రభుత్వం అంతకు ముందే, 2007లో, తన వాటా మొత్తం అమ్ముకొని బయటికి వెళ్లిపోయింది; కాబట్టి అది భాగస్వాముల మధ్య తగాదా కానే కాదు.

ఇక హీరో హోండా. 1984లో మొదలైన ఈ కంపెనీలో హీరోకు, హోండాకు చెరి 26 శాతం వాటా ఉన్నా, రోజువారీ నడక హీరో యజమానులైన ముంజాల్ కుటుంబానిది, ఇంజిన్ టెక్నాలజీ హోండాది. ఎగుమతులపై ఆంక్షలు, 1999లో హోండా ఇక్కడే సొంతంగా పెట్టుకున్న మరో ద్విచక్ర వాహన కంపెనీ, ఇవే ఆ బంధాన్ని తెంచాయి. 2010 డిసెంబరులో విడిపోతున్నట్టు ప్రకటించే నాటికి వారు 26 ఏళ్లు కలిసి పనిచేశారు. పద్ధతులు పొసగనివాళ్లు అన్నేళ్లు కలిసి ఉంటారా?

కాబట్టి మన జిల్లాల్లో విదేశీ భాగస్వామి కోసం చూస్తున్న పారిశ్రామికవేత్తలు, సంతకానికి ముందే ఎండీని ఎవరు నియమిస్తారో, ప్రతిష్టంభన వస్తే ఎవరి మాట చెల్లుతుందో, విడిపోతే టెక్నాలజీ ఎవరిదో రాయించుకోవాలి. కేవలం సంస్కృతి వల్లనే కూలిన జాయింట్ వెంచర్ ఒక్కటైనా మీకు తెలిస్తే పేరు కామెంట్లో రాయండి. దాని వాటాల లెక్క ముందు పెట్టుకొని వచ్చే వీడియోలో వాదిద్దాం.