పెద్దబాపు చెవిలో ఆగని సాంచా

నమస్తే అందరికీ. ఈ రోజు చెవిలో హోరు గురించి మాట్లాడుకుందాం. కొందరికి గుయ్యిమంటుంది, కొందరికి కీచురాయి అరిచినట్టుంటుంది, ఇంకొందరికి సన్నని ఈల. బయట ఏ చప్పుడూ ఉండదు, లోపల మాత్రం ఆగదు. డాక్టర్లు దీన్ని టిన్నిటస్ అంటారు.

నేను దీని గురించి చదవడం మొదలుపెట్టింది మా పెద్దబాపు కోసం. ఆయన సిరిసిల్లలో 30 ఏళ్లకు పైగా సాంచాలు నడిపాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. రేకుల షెడ్డు, 12 గంటల షిఫ్టు, పక్క మనిషితో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. ఇప్పుడు పని మానేసి హనుమకొండలో మాతోనే ఉంటున్నాడు. ఒకరోజు అర్ధరాత్రి నిద్రపట్టక మంచం మీద కూర్చుని ఉంటే, ఏమైందని అడిగాను. "సాంచా బందువెట్టి ఆరేండ్లాయె బిడ్డా, చెవుల ఇంకా నడుస్తనే ఉన్నది" అన్నాడు.

ఆ మాట అక్షరాలా నిజమని నాకు తర్వాత అర్థమైంది.

మన లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టలు తిరిగిన చిన్న గొట్టం ఉంటుంది. దాని పేరు కాక్లియా. అందులో సుమారు 15 వేల రోమ కణాలు ఉంటాయి. చప్పుడుకు లోపలి ద్రవం కదిలితే ఆ కణాల కొసనున్న సన్నని కేశాలు వంగుతాయి. అవి వంగగానే సంకేతం పుట్టి, నాడి గుండా మెదడుకు చేరుతుంది. మెదడుకు అసలు కబురు పంపేవి వాటిలో 3,500 దాకానే. మిగతావి చిన్న శబ్దాన్ని పెంచి అందిస్తాయి. కోళ్లలో ఈ కణాలు చచ్చిపోయినా మళ్లీ పుడతాయి. మనుషుల్లో పుట్టవు. పుట్టినప్పుడు ఎన్ని ఉన్నాయో వాటితోనే బతకాలి.

ఆ గొట్టం మొదట్లో కీచు శబ్దాలను పట్టే కణాలు, చివర్లో బొంగురు శబ్దాలను పట్టేవి ఉంటాయి. ఏళ్ల తరబడి పెద్ద చప్పుడులో పనిచేస్తే ముందు పోయేది కీచు వైపు, ఎక్కువగా 4000 హెర్ట్జ్ దగ్గర. ప, క, త, స లాంటి హల్లులను మనం విడదీసి పట్టుకునేది ఆ పై శబ్దాలతోనే. అచ్చులు కింది వైపు కాబట్టి అవి బాగానే వినిపిస్తాయి. అందుకే పెద్దబాపుకు పప్పు, కప్పు, తప్పు మూడూ ఒకటే. "ఇనవడ్తది గని సమజ్ కాదు" అంటాడు. కావాలనే మా మాట పట్టించుకోవట్లేదని ఇంట్లో చాలా కాలం ఆయన మీద విసుక్కున్నాం. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మరి లేని చప్పుడు ఎక్కడిది? ఫంక్షన్లలో మైక్ సెట్ అతన్ని చూసే ఉంటారు. మాట సన్నగా వస్తుంటే వాల్యూమ్ పెంచుతాడు. మాట్లాడేవాళ్లు ఆపగానే బాక్సులోంచి గుయ్యిమని వస్తుంది. మెదడు చేసేదీ అదే. కొన్ని కణాలు పోయి, ఆ కీచు శబ్దాల కబురు రావడం తగ్గితే, చెవి నాడి మొదట చేరే, మెదడు అడుగున ఉండే కాండంలోని కేంద్రం నుంచి పైదాకా నాడీ కణాలు తమ వాల్యూమ్ పెంచుకుంటాయి. చప్పుడు లేకున్నా వాటంతటవే సంకేతాలు పంపుతాయి. అదే మనకు హోరుగా వినిపిస్తుంది. చాలామందిలో ఏ కీచు శబ్దాలు వినిపించడం తగ్గిందో, హోరు కూడా దాదాపు అదే కీచుదనంతో ఉంటుంది. కణితి ఆపరేషన్‌లో చెవి నాడిని పూర్తిగా కోసేసినా చాలామందికి హోరు ఆగలేదు. కాలు తీసేసిన మనిషికి లేని పాదం నొప్పి పెడుతుంది చూడండి, అలాంటిదే ఇదీ.

1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు, వినికిడి బాగున్న 80 మందిని చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టి ఏం వినిపిస్తోందో రాయమన్నారు. 94 శాతం మంది ఏదో ఒక చప్పుడు విన్నామని రాశారు! అంటే మెదడులో ఈ గుసగుస దాదాపు అందరికీ ఎంతో కొంత ఉంటుంది. దాన్ని ప్రమాదంగా లెక్కగట్టి, భయం పుట్టించే భాగాలు కూడా జతకలిసినప్పుడే మనకు నిద్ర దూరమవుతుంది. టెన్షన్ పెరిగితే హోరు పెరుగుతుంది, హోరు పెరిగితే టెన్షన్.

సాంచాల షెడ్లలో శబ్దం 90 డెసిబెల్స్ దాటడం మామూలే. చెవికి హాని కాకుండా ఉండాలంటే 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగానికి తగ్గుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. మన బరాత్‌లో డీజే ముందు ఎంతసేపు ఎగురుతున్నామో మీరే లెక్కేసుకోండి. తెల్లారేసరికి చెవి తేరుకుంది కదా అంటారు. 2009లో కుజావా, లిబర్‌మన్ అనే పరిశోధకులు పెద్ద చప్పుడు వినిపించిన ఎలుకల మీద చూపించింది ఏమిటంటే, వినికిడి పరీక్ష మామూలుగా వచ్చాక కూడా రోమ కణాలకూ నాడికీ మధ్య ఉండే అతుకులు కొన్నిచోట్ల సగం దాకా పోయాయి. చిన్నపిల్లల్ని బాక్సుల ముందు భుజాల మీద ఎత్తుకుని నిలబడకండి, దండం పెడతాను.

టీబీకి ఒకప్పుడు ఎక్కువగా వాడిన స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, క్యాన్సర్‌కు ఇచ్చే సిస్‌ప్లాటిన్ కూడా ఈ కణాలను చంపగలవు. అలాగని మందు మీరే మానేయకండి. హోరు మొదలైతే వెంటనే డాక్టర్‌కు చెప్పండి.

ఒక్కసారిగా ఒక చెవి వినిపించడం మానేస్తే, అది గుబిలి అనుకుని నూనె పోసుకుంటూ కూర్చోవద్దు. అదే రోజు ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి. స్టెరాయిడ్లు మొదటి రెండు వారాల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఉపయోగం. హోరు ఒక్క చెవిలోనే ఉన్నా, గుండె కొట్టుకున్నట్టు లయగా వస్తున్నా చూపించుకోవాల్సిందే.

హోరును మాయం చేసే మాత్ర లేదు. పెద్దబాపుకు ముందు ఒకచోట "వయసు కదా, అలవాటు చేసుకోండి" అని పంపేశారు. ఇంకోచోట ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష చేసి వినికిడి యంత్రం పెట్టారు. పోయిన శబ్దాలు కొంతైనా మళ్లీ అందితే మెదడు వెతుకులాట తగ్గుతుంది. రాత్రి పూర్తి నిశ్శబ్దంలో కాకుండా ఫ్యాన్ చప్పుడులోనో, సన్నగా రేడియో పెట్టుకునో పడుకోమన్నారు. హోరు పట్ల భయం తగ్గించే కౌన్సెలింగ్, అంటే సీబీటీ కూడా చాలామందికి పనిచేస్తుంది.

మొన్న ఆదివారం అడిగాను, "పెద్దబాపూ, సాంచా ఎట్లున్నది?" అని.

"ఉన్నది బిడ్డా. గని ఇప్పుడు పక్కింట్ల నడుస్తున్నది" అన్నాడు.