చక్రం దగ్గర మోత, చేతిలో వణుకు: మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు

[దృశ్యం: మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే. పాత ఆల్టో లోపలి నుంచి చిత్రీకరణ. కింద నుంచి ఆగని మోత.]

నమస్కారం. ఈ మోత వినండి. గ్యారేజీకి వెళ్లి "ముందు నుంచి శబ్దం వస్తోంది" అని మాత్రమే చెబితే, భాగాలు ఒకదాని తర్వాత ఒకటి మారుతూనే ఉంటాయి, మోత మాత్రం పోదు. శబ్దం ఎప్పుడు వస్తోందో చెప్పగలగాలి.

ఈ ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్లు, మధ్యలో సిగ్నళ్లు లేవు. చెవి పెట్టడానికి ఇంతకన్నా అనువైన దారి నగరంలో అరుదు. అదే వేగంలో గేరు మార్చి చూడండి. ఇంజిన్ చప్పుడు మారినా ఈ మోత మారకపోతే అది చక్రాల వైపుదే. రోడ్డు నునుపు మారగానే మోత కూడా మారితే టైరును అనుమానించండి. ఎడమ మలుపులో పెరిగి కుడి మలుపులో తగ్గితే, బరువు పడుతున్న కుడి చక్రం బేరింగ్, అంటే చక్రం సాఫీగా తిరిగేలా మధ్యలో ఉండే భాగం మీదే నా మొదటి అనుమానం. వానాకాలంలో నీళ్లు నిలిచిన అండర్‌పాసుల్లోంచి వెళ్లిన కార్లలో ఇది మామూలే. సీలు దాటి నీరు చేరితే గ్రీజు చెడి, తుప్పు పడుతుంది.

[దృశ్యం: చదునైన నేల, హ్యాండ్‌బ్రేకు, వెనుక చక్రాలకు అడ్డంగా రాళ్లు, జాకీతో పాటు స్టాండు.]

జాకీ ఒక్కదాన్నే నమ్మి చక్రం పక్కన కూర్చోకండి, దయచేసి.

[దగ్గరి దృశ్యం: సస్పెన్షన్ స్ప్రింగ్ మీద వేళ్లు.]

గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చేతి వేళ్లు స్ప్రింగుకు ఆనించండి. బేరింగ్ పాడైతే చెవికి అందని గరుకుదనం వేళ్లకు తెలుస్తుంది.

ఇప్పుడు టైరును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపండి. కదులుతోందా? ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. కదలిక ఆగిపోతే బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్, అంటే చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే కీలు వైపు చూడాలి. ఎడమా కుడీ పట్టుకుని ఊపినప్పుడే ఆడితే టై రాడ్ ఎండ్, అంటే స్టీరింగ్‌తో చక్రాన్ని తిప్పే కడ్డీ చివరి కీలు అరిగి ఉండవచ్చు. ఈ కొద్ది నిమిషాల పరీక్ష చేయకుండా అలైన్‌మెంట్‌కు, అంటే చక్రాల కోణాలు కొలిచి సరిచేయడానికి డబ్బు కట్టడం నాకు అస్సలు నచ్చదు. వదులుగా ఆడే జాయింటు మీద చేసిన కొలత నిలవదు.

స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలినప్పుడు టక్ టక్‌మంటే సీవీ జాయింట్, అంటే ఇంజిన్ శక్తిని చక్రానికి అందించే ఇరుసు కీలు. చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉంటే ఆ జాయింటును కప్పే రబ్బరు బూటు చిరిగినట్టే.

80 దాటాక మాత్రమే స్టీరింగ్ వణికితే ముందు బ్యాలెన్సింగ్, అంటే చక్రం బరువు చుట్టూ సమానంగా పడేలా సరిచేయించండి. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కులు చూడాలి. కారు ఒక పక్కకు లాగితే గాలి సరిచూసి, ముందు టైర్లను ఎడమ కుడి మార్చి నడపండి. లాగే దిక్కు మారితే తప్పు టైరుదే. టైరు మీద ఒకే వైపు తిరగాలన్న బాణం గుర్తు ఉంటే మాత్రం ఇలా మార్చకూడదు.

[దృశ్యం: చేతులతో ఊపగానే కదులుతున్న చక్రం.]

బాల్ జాయింట్ ఇలా ఆడుతుంటే గ్యారేజీ దాకా కూడా నడపకండి. అది ఊడితే చక్రం పక్కకు ఒరిగిపోతుంది, స్టీరింగ్ మాట వినదు. కారును బండి మీద ఎక్కించి పంపండి.