మూడు మొగలు, మూడు బతుకులు: డచ్చివారి జేలాండ్

అందరికీ నమస్కారం. పెద్దలకు, వెనక వరసల్లో కూర్చున్న డిగ్రీ పిల్లలకు కూడా.

దివిసీమలో నిలబడి నెదర్లాండ్స్ సంగతులెందుకని మీరు అడగొచ్చు. జేలాండ్ మ్యాప్ మొదటిసారి చూసినప్పుడు నాకు మన లంకలే గుర్తొచ్చాయి. నైరుతి మూలన, బెల్జియం సరిహద్దులో ఉంటుంది ఆ ప్రావిన్స్. రైన్, మ్యూజ్, స్కెల్డ్ నదులు కలిసి కట్టిన డెల్టా అది. డచ్చి భాషలో 'జే' అంటే సముద్రం, కాబట్టి జేలాండ్ అంటే కడలి నేల. న్యూజిలాండ్‌కు ఆ పేరు వచ్చింది కూడా దీన్నుంచే. ప్రావిన్స్ మొత్తంలో మూడో వంతుకు పైగా నీళ్లే, జనం నాలుగు లక్షల లోపు. వాళ్ల రాజముద్రలో అలల్లోంచి పైకి లేస్తున్న సింహం ఉంటుంది. 'పోరాడి పైకి తేలతాను' అని లాటిన్‌లో దాని కింద రాసి ఉంటుంది.

1953 జనవరి 31, శనివారం రాత్రి. అసలే పున్నమి పోటు, దానికి వాయవ్యం నుంచి పెనుగాలి తోడైంది. అప్పట్లో అక్కడి రేడియో అర్ధరాత్రి దాటితే మూగబోయేది. జనం నిద్రలో ఉండగా కరకట్టలు తెగాయి. దేశం మొత్తం మీద 1,836 మంది చనిపోతే, అందులో 865 మంది జేలాండ్ వాళ్లే. మన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. అదీ శనివారమే. ఈ హాల్లో ఆ రాత్రిని చూసినవాళ్లున్నారు, నేను వర్ణించాల్సిన పని లేదు. జేలాండ్‌లో అవర్కెర్క్ అనే ఊరి దగ్గర పడిన చివరి గండిని పూడ్చేసరికి 1953 నవంబరు వచ్చింది. నాలుగు పెద్ద కాంక్రీటు పెట్టెలను నీళ్లలో దించి మూశారు. ఇప్పుడు ఆ పెట్టెల్లోనే మ్యూజియం నడుపుతున్నారు. లోపల అడుగు పెట్టగానే ఒళ్లు చల్లబడుతుంది. గోడలు ఇంకా చెమ్మగానే ఉంటాయి.

ఆ వరద తర్వాత, సముద్రం లోపలికొచ్చే మొగల్లో చాలావరకు మూసేయాలని ప్లాన్ వేశారు. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇక్కడే మొదలవుతుంది. ఏ మొగ మూశారు, ఏది వదిలారు, ఏది సగం తెరిచి ఉంచారు అన్నదాన్ని బట్టే అక్కడి ఊళ్ల బతుకులు మారిపోయాయి.

ముందు ఫేరె అనే చిన్న ఊరు చూడండి. ఒకప్పుడు స్కాట్లండ్ ఉన్ని దిగుమతికి పేరున్న రేవు. స్కాట్ వర్తకుల ఇళ్లు రేవు ఒడ్డున ఇప్పటికీ ఉన్నాయి. తర్వాత చేపల వేట మీద బతికింది. 1961లో దాని మొగకు అడ్డంగా ఆనకట్ట కట్టారు. సముద్రం సరస్సయింది. పడవలన్నీ పక్క లంకలోని కొలెయిన్స్‌ప్లాట్‌కు తరలిపోయాయి. ఇప్పుడు ఫేరెలో తెరచాప పడవలు, టూరిస్టులు, కాఫీ షాపులు కనిపిస్తాయి. ఊరు బాగానే ఉంది. కానీ వల పట్టిన చెయ్యి ఆ ఊరిని వదిలి వెళ్లిపోయింది.

రెండోది పశ్చిమ స్కెల్డ్. దాన్ని మూయలేదు, ఎందుకంటే బెల్జియంలోని యాంట్వెర్ప్ ఓడరేవుకు దారి అదే. అందుకే దాని ఒడ్డున కట్టలు పెంచారు, పరిశ్రమలూ పెరిగాయి. దక్షిణాన టెర్నూజెన్‌లో డౌ కంపెనీ భారీ రసాయన కర్మాగారం ఉంది. ఉత్తరాన ఫ్లిసింగెన్‌లో 1875 నుంచి ఓడలు కడుతున్నారు. ఆ పక్కనే బోర్సెలె, అంటే నెదర్లాండ్స్‌లో ఇప్పుడు నడుస్తున్న ఒకే ఒక్క అణు విద్యుత్ కేంద్రం. ఫ్లిసింగెన్, టెర్నూజెన్ రేవులు 2018లో బెల్జియం రేవు గెంట్‌తో కలిసి ఒకే సంస్థ అయ్యాయి. రెండు దేశాల రేవులు ఒకే గొడుగు కిందికి రావడం చిన్న విషయం కాదు. ఇక ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు రావాలంటే 2003 దాకా బల్లకట్టులాంటి ఫెర్రీలే దిక్కు. ఇప్పుడు నీటి అడుగున 6.6 కిలోమీటర్ల సొరంగం ఉంది.

మూడోది తూర్పు స్కెల్డ్. నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఇదే. దీన్నీ గట్టిగా మూసేద్దామనే పని మొదలుపెట్టారు. యెర్సెకె ఊరి ఆల్చిప్పల రైతులు, జాలర్లు, పర్యావరణవాదులు అడ్డం తిరిగారు. ఆటుపోట్లు లేకపోతే మా బతుకే లేదన్నారు. 1976లో పార్లమెంటు మనసు మార్చుకుంది. గట్టి ఆనకట్ట బదులు గేట్లు పెట్టారు. 9 కిలోమీటర్ల పొడవు, 65 స్తంభాలు, వాటి మధ్య 62 ఉక్కు గేట్లు. 1986లో ప్రారంభించారు. గేట్లు ఎప్పుడూ ఎత్తే ఉంటాయి. నీరు మామూలు మట్టం కంటే 3 మీటర్లు లేస్తుందని తెలిస్తేనే దించుతారు. ఖర్చు బాగా పెరిగింది, అయినా ఒప్పుకున్నారు. జాలరి మాట విని ప్రభుత్వం ఇంత పెద్ద ప్లాన్ మార్చుకోవడం, నా దృష్టిలో ఆ గేట్ల కంటే గొప్ప నిర్మాణం.

దాని ఫలితం యెర్సెకె రేవులో చూడాలి. ఓడ నిండా నల్లటి ఆల్చిప్పలు వస్తాయి. అందులోంచి శాంపిల్ తీసి ఉడకబెట్టి, మాంసం ఎంత శాతం ఉందో తూచి చూస్తారు. దాన్ని బట్టే వేలం. కొన్నాక కూడా వెంటనే అమ్మరు. మళ్లీ తూర్పు స్కెల్డ్ మడుల్లోనే పరుస్తారు, కడుపులో ఇసుక కక్కేయాలని. ఆటుపోట్లు కడిగి పెట్టిన ఆ చిప్పలే తర్వాత వంటింటికి వెళతాయి.

జేలాండ్ రాజధాని మిడెల్‌బర్గ్ గురించి ఒక మాట. డచ్చి ఈస్టిండియా కంపెనీలో ఆమ్‌స్టర్‌డామ్ తర్వాత పెద్ద వాటా ఈ ఊరి వర్తకులదే. మన బందరుకు గుడ్డల కోసం వచ్చింది ఆ కంపెనీయే. బందరులో వలందపాలెం పేరు వాళ్లవల్లనే, వలందాలంటే హాలండువాళ్లు. అదే మిడెల్‌బర్గ్‌లో 1720లో పెట్టిన ఇంకో కంపెనీ ఆఫ్రికా నుంచి మనుషుల్ని ఓడలకెక్కించి అమ్మింది. ఆ లెక్కల పుస్తకాలన్నీ ఆ ఊరి ఆర్కైవ్‌లో భద్రంగా ఉన్నాయి. ఆ ఊరి అందమైన భవనాలు చూసేటప్పుడు ఈ లెక్క కూడా గుర్తుండాలి.

పొలాల సంగతి చెప్పి ముగిస్తాను. ఉల్లి, బంగాళాదుంప, గోధుమ, చక్కెర దుంప పండిస్తారు. ఉల్లి అయితే ఓడలకెక్కి చాలా దేశాలకు వెళుతుంది. కానీ చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీరే. వాన నీరు నేల కింద ఉప్పునీటి మీద పలచటి పొరలా తేలుతూ ఉంటుంది. రైతు ఆ పొర మీదే ఆధారపడాలి. వాన లేని వేసవిలో ఆ పొర పలచబడి, ఉప్పు వేళ్ల దాకా వస్తుంది. నాగాయలంక రైతుకు ఇది నేను చెప్పక్కర్లేదు కదా.

తూర్పు స్కెల్డ్‌కీ ఇంకో చిక్కు వచ్చింది. గేట్ల వల్ల పోటు జోరు తగ్గింది. పాటు వేళ బయటపడే ఇసుక తిన్నెలు ఏటేటా కరిగిపోతున్నాయి. వాటి మీద మేత మేసే పక్షులకు చోటు తగ్గుతోంది. అందుకని కొన్నేళ్ల కిందట ఓ పెద్ద తిన్నె మీద మళ్లీ ఇసుక పోశారు. సముద్రమట్టం పెరిగేకొద్దీ గేట్లు ఇంకా తరచుగా దించాల్సి వస్తుంది. అలా ఎన్నాళ్లు దించగలరు, చివరికి మూయాల్సిందేనా అని అక్కడ ఇప్పుడు మళ్లీ చర్చ మొదలైంది. యెర్సెకె వాళ్లు ఆ చర్చలో ముందు వరసలోనే కూర్చున్నారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.